రెండు ఊళ్ళ మధ్య విమాన దూరం: ఏ లెక్క, ఎవరి లెక్క?

రెండు నగరాల పేర్లు కొట్టి, మధ్యలో ఎంత దూరం, విమానంలో ఎన్ని గంటలు అని వెతకనివాళ్ళు ఈ రోజుల్లో అరుదు. వచ్చే జవాబు చూడ్డానికి మహా నిక్కచ్చిగా ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలు. ఇంకో సైటు తెరిస్తే ఇంకో అంకె. టికెట్ చూస్తే మూడో అంకె. విమానం ఎక్కాక ముందు సీటు వెనకున్న తెర మీద నాలుగోది. వీటిలో ఏదో ఒకటే నిజం, మిగతావన్నీ తప్పు అనుకుంటాం. చాలాసార్లు నాలుగూ సరైనవే. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. మనం అడిగిన ప్రశ్న ఏదో మనకే తెలియకపోవడంతో వచ్చిన చిక్కు ఇది.

న్యూయార్క్, లండన్ జంటనే తీసుకుందాం. జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి హీత్రోకి ఎంత దూరం అని పైలట్‌ని అడిగితే దాదాపు 3,000 మైళ్ళు అంటారు. అమెరికాలో కారు నడిపేవాళ్ళ మైళ్ళలో అయితే సుమారు 3,450. కిలోమీటర్లలో 5,550 చిల్లర. మూడూ ఒకటే దూరం. పైలట్ చెప్పింది నాటికల్ మైళ్ళలో. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, రోడ్డు మైలు అంటే 1.609. ఈ రెండు మైళ్ళనీ కలగాపులగం చేసేసి, "అక్కడ 3,000 అన్నారు, ఇక్కడ 3,450 అంటున్నారు" అని వాదించుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

విమానాలవాళ్ళు, ఓడలవాళ్ళు ఆ పాత మైలుని ఇంకా వదలకపోవడానికి కారణం ఉంది. భూమి చుట్టుకొలతని 360 డిగ్రీలు చేసి, ఒక్కో డిగ్రీని మళ్ళీ 60 భాగాలు చేస్తే, ఆ ఒక్క భాగం నిడివే నాటికల్ మైలు. అంటే ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, మన లెక్కలో సుమారు 111 కిలోమీటర్లు. తిన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు ఊళ్ళ మధ్య దూరం కావాలంటే ఫార్ములా అక్కర్లేదు, అక్షాంశాల తేడాని 111తో గుణిస్తే సరి.

యూనిట్ల గొడవ తీరాక ఇంకో చిన్న తేడా మిగులుతుంది. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతి అనుకుని లెక్క కడితే జేఎఫ్‌కే నుంచి హీత్రోకి 5,540 కిలోమీటర్లు వస్తుంది. కానీ భూమి అచ్చమైన బంతి కాదు. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కుడుని కూడా లెక్కలోకి తీసుకుంటే అదే దూరం 5,555 దాకా వస్తుంది. ఇలా కట్టడానికి బాగా వాడుకలో ఉన్న పద్ధతిని థాడియస్ విన్సెంటీ అనే ఆయన 1975లో ప్రచురించాడు. కొన్ని సైట్లు బంతి లెక్క కడతాయి, కొన్ని విన్సెంటీ లెక్క. తేడా ఎప్పుడూ అర శాతానికి అటూ ఇటూ, అంతకు మించదు.

ఆ 15 కిలోమీటర్ల కోసం తల పట్టుకునే ముందు అసలు 'లండన్' అంటే ఏ చుక్క అని అడగాలి. హీత్రో ఉన్నది నగరానికి పడమట, నడిబొడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల పైనే. లండన్‌కే ఉన్న ఇంకో విమానాశ్రయం స్టాన్‌స్టెడ్ ఇంకా దూరం, అదీ ఈశాన్యాన. నగరం నుంచి నగరానికి లెక్క కట్టిన సైటూ, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కట్టిన సైటూ ఒకే అంకె ఎలా చెబుతాయి?

తిన్నని గీత వంకరగా ఎందుకు కనిపిస్తుంది

సీటు ముందున్న తెర మీద విమానం దారి విల్లులా వంగి కనిపిస్తే, "ఎందుకిలా తిప్పుతున్నారు, తిన్నగా పోవచ్చుగా" అనిపించడం సహజం. అది తిన్నగానే పోతోంది. వంకర మ్యాపులో ఉంది.

మనం రోజూ చూసే ప్రపంచ పటం చాలా మటుకు మెర్కేటర్ అనే పటాల నిపుణుడు 1569లో గీసిన పద్ధతిదే. నావికులకు పనికొచ్చేలా, ఒకే దిక్కుకి దిక్సూచి పట్టుకుని పోతే ఆ దారి పటం మీద సరళరేఖ అయ్యేలా ఆయన గీశాడు. అందుకోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలని సాగదీయాల్సి వచ్చింది. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకి సమానంగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో గ్రీన్‌లాండ్‌లు పద్నాలుగు పడతాయి. అలా సాగదీసిన కాగితం మీద స్కేలు పెట్టి దూరం కొలిస్తే వచ్చేది దూరం కాదు.

ఒక గ్లోబు, కాస్త దారం ఉంటే చాలు. రెండు ఊళ్ళ మీద రెండు వేళ్ళు పెట్టి దారాన్ని బిగించి లాగండి. దారం ఎటు వాలితే అదే అతి దగ్గరి దారి. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. తెలుగులో గురువృత్తం అని మాట ఉంది కానీ లెక్కల పుస్తకం దాటి బయటికి రాలేదు.

ఈ దారం ఆట ఎంత విడ్డూరంగా ఉంటుందో చూడాలంటే రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్, అలాస్కాలోని యాంకరేజ్ మీద వేళ్ళు పెట్టాలి. పటం మీద అవి రెండూ చెరో మూల. రెండూ ఇంచుమించు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి కాబట్టి పక్కకి గీత గీస్తే దాదాపు 9,800 కిలోమీటర్లు. కానీ వాటి రేఖాంశాల మధ్య తేడా సరిగ్గా 180 డిగ్రీలకి దగ్గర. అంటే భూమికి ఇటు ఒకటి, అటు ఒకటి. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి బయలుదేరి, ధ్రువం దాటి, అదే ఊపులో కిందికి దిగితే యాంకరేజ్ వచ్చేస్తుంది. దూరం 6,600 కిలోమీటర్లు కూడా ఉండదు. మూడో వంతు దూరం ఆదా, అదీ పటం మీద పిచ్చి చుట్టుదారిలా కనిపించే మార్గంలో.

అన్ని జంటల్లోనూ తేడా ఇంత ఉండదు. టోక్యో, లాస్ ఏంజలెస్ రెండూ 35 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. అదే అక్షాంశం పట్టుకుని పసిఫిక్ దాటితే సుమారు 9,300 కిలోమీటర్లు. దారం లాగిన దారిలో 8,800 చిల్లర, ఆ దారి మధ్యలో 48వ డిగ్రీ దాకా ఉత్తరానికి ఎక్కి దిగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఊళ్ళకైతే ఈ తేడా దాదాపు ఉండదు. తూర్పు పడమరలుగా, ధ్రువాలకు చేరువగా ఉన్న ఊళ్ళలోనే ఇది కళ్ళు చెదిరేలా ఉంటుంది.

ఆ గీత మీద ఎవరు ఎగురుతారు?

అచ్చంగా ఎవరూ ఎగరరు. సైటు చెప్పే దూరం దారం దూరం. విమానం ఎగిరే దూరం దానికంటే ఎప్పుడూ ఎంతో కొంత ఎక్కువే. గాలి ఎటుంటే అటు తిరిగి రన్‌వే వదలాలి. ఆకాశంలో ఐదక్షరాల పేర్లతో ఉన్న ఊహాబిందువులని కలుపుకుంటూ పోవాలి. ఉత్తర అట్లాంటిక్ మీదైతే ఆ రోజు గాలుల్ని బట్టి రోజూ కొత్త దారులు గీస్తారు. పడమటికి పోయేవాటిని షాన్‌విక్ కేంద్రం, తూర్పుకి పోయేవాటిని కెనడాలోని గాండర్ కేంద్రం. నిన్నటి విమానం వెళ్ళిన దారి ఇవాళ ఉండకపోవచ్చు.

నేల కూడా అడ్డుపడుతుంది. విమానంలో గాలి ఒత్తిడి పోతే మాస్కులు జారిపడతాయి, పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. దిగడానికి చోటేది? అందుకే దాని మీదుగా పోయే దారులు చాలా తక్కువ, చాలా విమానాలు పక్కనుంచి చుట్టి పోతాయి. ఇక సముద్రాల మీద రెండింజన్ల విమానాలకి ఇంకో నియమం ఉంది: ఒక ఇంజన్ ఆగినా, ఇన్ని నిమిషాల్లో చేరగలిగే విమానాశ్రయం దారి పొడుగునా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఒకప్పుడు ఆ హద్దు 60 నిమిషాలు. 1985లో 120కి, 1988లో 180కి పెంచారు, తర్వాత ఇంకా పెరిగింది. సిడ్నీ నుంచి శాంటియాగోకి దారం లాగితే అది 62వ డిగ్రీ దాకా, అంటే అంటార్కిటికా ముంగిటి దాకా పోతుంది. అక్కడ దిగడానికి ఏముంది? ఈ హద్దు పెరిగేకొద్దీ కొన్ని ఊళ్ళ మధ్య 'విమాన దూరం' తగ్గిందన్నమాట, భూమి మాత్రం అలాగే ఉంది.

రాజకీయాలు దీనికి సరిగ్గా ఉల్టా చేస్తాయి. హెల్సింకీ నుంచి టోక్యోకి దారం సైబీరియా మీదుగా పోతుంది. ఆ దారిలో తొమ్మిదిన్నర గంటల లోపే అయ్యే ప్రయాణం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ఆకాశం మూతపడేసరికి అదే ప్రయాణం 13 గంటలకు ఎగబాకింది. కొన్ని విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి వెళ్ళాయి. ఇంత జరిగినా దూరం చెప్పే సైట్లలో ఆ రెండు ఊళ్ళ మధ్య అంకె ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. నా దృష్టిలో ఈ అంకెల పరిమితి అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అలాగని ఆ దారం దూరం పనికిరానిదనుకోవద్దు. గాలి, రాజకీయం, పైలట్ ఇష్టం ఏవీ దాన్ని మార్చలేవు కాబట్టే చట్టాలకు అది పనికొచ్చింది. విమానం ఆలస్యమైనా, రద్దయినా ప్రయాణికులకు పరిహారం ఇచ్చే యూరోపియన్ యూనియన్ 2004 నాటి నిబంధనలో 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులున్నాయి. ఆ కిలోమీటర్లు గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కట్టాలని అందులోనే రాశారు. మధ్యలో విమానం మారితే ఎలా అన్న తగువు కోర్టుకెక్కితే, ఎక్కిన చోటికీ చివర దిగిన చోటికీ మధ్య దారం దూరమే లెక్క, మధ్య మజిలీ ఎక్కడైతే మాకేం అని 2017లో యూరోపియన్ కోర్టు తేల్చింది.

గాలి చేసే పని

దూరం సంగతి ఒక కొలిక్కి వచ్చింది అనుకుంటే, సమయం దగ్గర అసలు కథ మొదలవుతుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి టికెట్ మీద సుమారు ఏడు గంటలు, తిరుగు ప్రయాణం సుమారు ఎనిమిది. అదే దూరం, అదే విమానం. ఎందుకు?

చాలామంది చెప్పే జవాబు: భూమి తిరుగుతోంది కదా, అందుకని. వినడానికి బాగుంటుంది కానీ తప్పు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. విమానం గాల్లోకి లేవగానే నేల దాని కిందనుంచి జారిపోయేదే నిజమైతే, గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానం తూర్పున ఉన్న ఊరిని ఎన్నటికీ అందుకోలేదు. నేలతో పాటు గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. పరుగెడుతున్న రైల్లో బంతి పైకి ఎగరేస్తే చేతిలోనే పడుతుంది కదా, అదే ఇది.

అసలు కారణం జెట్ స్ట్రీమ్. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ మధ్య తేడా వల్ల, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకి నదిలా పారే గాలి. భూభ్రమణానికి ఇందులో ఉన్న పాత్ర ఆ గాలిని తూర్పుకి మళ్ళించడం వరకే. చలికాలంలో ఉష్ణోగ్రతల తేడా పెరుగుతుంది, గాలీ పెరుగుతుంది. దీన్ని 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఆ నివేదికని, అంతర్జాతీయ భాషగా తయారుచేసిన ఎస్పెరాంతోలో రాశాడు, దాంతో ప్రపంచంలో దాదాపు ఎవరూ చదవలేదు! 1944లో జపాన్ మీదికి ఎత్తున ఎగిరి వచ్చిన అమెరికన్ బాంబర్లు ఆ గాలిలో ఇరుక్కుని గానీ దాని సత్తా తెలుసుకోలేదు.

విమానం ఇంజన్ ఇచ్చే వేగం గాలితో పోల్చిన వేగం. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి ధ్వని వేగంలో 0.85 వంతు పోతాయి. ఆ ఎత్తులో చలికి ధ్వని వేగమే గంటకు 1,060 కిలోమీటర్లకు పడిపోతుంది కాబట్టి అది సుమారు 900. నేల మీద మనం లెక్కపెట్టుకునే వేగం కావాలంటే దీనికి గాలి కలపాలి, లేదా తీసేయాలి. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను రోజుల్లో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో నేల మీద దాని వేగం గంటకు 1,327 కిలోమీటర్లు. అలాగని ధ్వనిని మించిపోలేదు, దాని చుట్టూ ఉన్న గాలే అంత ఊపు మీద ఉంది. కాంకార్డ్ అదే దూరాన్ని 1996 ఫిబ్రవరిలో 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో దాటింది, అయితే అది నిజంగానే ధ్వని కంటే రెట్టింపు వేగం ఉన్న విమానం.

పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, చివరికి చెల్లుకు చెల్లు అనుకుంటాం. అవదు. కాగితం మీద వేసి చూడండి. దూరం 5,400 కిలోమీటర్లు, విమానం వేగం 900 అనుకుందాం. గాలి లేకపోతే పోను ఆరు గంటలు, రాను ఆరు, మొత్తం పన్నెండు. ఇప్పుడు గంటకు 150 కిలోమీటర్ల గాలి పెడదాం. వెనకగాలిలో వేగం 1,050, పట్టేది 5 గంటల 9 నిమిషాలు. ఎదురుగాలిలో వేగం 750, పట్టేది 7 గంటల 12 నిమిషాలు. మొత్తం 12 గంటల 21 నిమిషాలు. ఆ ఇరవై ఒక్క నిమిషాలు ఎటు పోయాయంటే, ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు. నష్టం ఎక్కువసేపు, లాభం తక్కువసేపు.

అందుకే విమాన కంపెనీలు అతి తక్కువ దూరం కోసం కాదు, అతి తక్కువ గాలిదెబ్బ కోసం వెతుకుతాయి. సింగపూర్, న్యూయార్క్ మధ్య దారం దూరం 15,300 కిలోమీటర్ల పైచిలుకు, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. కానీ సింగపూర్ నుంచి బయలుదేరిన విమానాన్ని పసిఫిక్ మీదుగా, వెనకగాలి ఉన్న వైపు నడపడం మామూలే. వందల కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి, త్వరగా చేరడం అన్నమాట.

దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపి చూపించే సైట్లకి ఈ గాలి గొడవే లేదు. 5,555ని 850తో భాగిస్తే ఆరున్నర గంటలు, అరగంట కలిపితే ఏడు. రానూ పోనూ అదే ఏడు. ఒకవైపు సరిపోయింది కదా అని నమ్మి, తిరుగు ప్రయాణంలో కనెక్టింగ్ విమానం ఆ లెక్కతో పెట్టుకుంటే టెన్షన్ తప్పదు.

టికెట్ మీద గంటలు

టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగిన క్షణం దాకా లెక్క, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరసలో నిలబడడం, దిగే ముందు ఊరి పైన చక్కర్లు కొట్టడం అన్నీ ఇందులోవే. దీని మీద కంపెనీలు ఇంకొంచెం సమయం దిండులా వేస్తాయి. అమెరికా లెక్కల్లో చెప్పిన టైమ్‌కి పావుగంట లోపు ఆలస్యమైతే 'సమయానికే వచ్చింది' అని రాసుకోవచ్చు. టికెట్ మీద గంటలే కాస్త పెంచి రాసుకుంటే ఆలస్యమైన విమానం కూడా వేళకి వచ్చినట్టే. "ఇరవై నిమిషాలు ముందే దిగాం" అని పైలట్ గర్వంగా చెప్పినప్పుడల్లా నాకు ఈ దిండే గుర్తొస్తుంది.

చిన్న దూరాల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగు వందల కిలోమీటర్లకి గంటా పావు అని రాసుంటే, విమానం పూర్తి వేగంతో పోయేది అందులో కొద్దిసేపే. మిగతాదంతా ఎక్కడం, దిగడం, నేల మీద పాకడం. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి నడిచే విమానం అయితే పూర్తి వేగం అందుకునే ప్రసక్తే లేదు. దూరం 2.7 కిలోమీటర్లు, రెండు నిమిషాల లోపు దిగిపోతుంది. గాలి కలిసొచ్చి 53 సెకన్లలో దిగిన రోజూ ఉంది.

ఇక బయలుదేరే వేళ, చేరే వేళ రెండూ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం రాస్తారు కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కి, లాస్ ఏంజలెస్‌లో అదే రోజు ఉదయం 10కి దిగారనుకోండి. కంగారు పడక్కర్లేదు. చలికాలంలో లాస్ ఏంజలెస్ టోక్యో కంటే 17 గంటలు వెనక, కాబట్టి ఎక్కినప్పుడు అక్కడ అర్ధరాత్రి 12. ప్రయాణం పది గంటలు. ముందు రెండు వేళల్నీ ఒకే గడియారంలోకి మార్చుకోవడం, ఆ తర్వాతే తీసివేయడం, ఇదొక్కటే సూత్రం. మార్చిలో ఒకసారి చూసుకోండి. అమెరికా గడియారాలు రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్ గడియారాలు చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు న్యూయార్క్, లండన్‌ల తేడా ఐదు గంటలు కాదు, నాలుగే.

ఈ తీసివేతని గుడ్డిగా చేస్తే ఏమవుతుందో చూపించడానికి పసిఫిక్‌లోని సమోవాని మించింది లేదు. 2011 డిసెంబర్ 30వ తేదీని ఆ దేశం తన క్యాలెండర్లోంచి తీసేసి, తేదీ మారే గీత అయిన దినరేఖకి ఇవతలి వైపుకి మారింది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా మారలేదు. ఇప్పుడు సమోవాలోని ఆపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకి సుమారు 130 కిలోమీటర్లు, గంటలోపు ప్రయాణం, గడియారాల తేడా సరిగ్గా 24 గంటలు. శనివారం మధ్యాహ్నం ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నం దిగుతారు.